గంటలో కలవని గిన్నె

ఈ సంగతి చాలా ఏళ్ళు నేనెవరికీ చెప్పలేదు. కానీ దివిసీమలో ఒక చర్చి ఆవరణలో వేలాడే కంచు గంట మీద అరచేయంత చోటు ఒకటుంది. గంటంతా ఉప్పుగాలికి నల్లబడినా ఆ చోటు మాత్రం పదిహేనేళ్ళపాటు నిన్న పోసినట్టు మెరిసింది. ఆ మెరుపు వెనక నేనాడిన అబద్ధం ఉంది. ఇన్నేళ్ళూ అది తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఒకాయన వెళ్ళిపోయాడు. ఇది రాయకుండా నేను కూడా వెళ్ళిపోతే ఆ అబద్ధమే నిజమైపోతుంది. అందుకని రాస్తున్నాను. ముఖ్యంగా పోత పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు చదవాలని నా కోరిక.

మచిలీపట్నంలో ఒక చిన్న పోత కార్ఖానాలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. పడవ ఇంజన్ల ఇరుసులకి తొడిగే గన్‌మెటల్ బుష్‌లు, చేల మోటార్లలో నీళ్ళు తోడే ఇంపెల్లర్లు, అప్పుడప్పుడూ గుడి గంటలూ దీపాలూ పోసేవాళ్ళం. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. అయితే ఆ లోటు నాకెప్పుడూ లోటనిపించలేదు, ఎందుకంటే పని దిగగానే సైకిలెక్కి శాఖా గ్రంథాలయానికి వెళ్ళేవాణ్ణి. అక్కడ లోహాల మీద తెలుగులో ఉన్న పుస్తకాలు మూడంటే మూడు. వాటిని అట్టలు ఊడేదాకా చదివాను. తరవాత నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషువి మొదలుపెట్టాను. ఒక్కో పేజీకి ఒక్కో సాయంత్రం పట్టేది.

ఆ చదువు నాకిచ్చిన సంతోషం అంతా ఇంతా కాదు. రాగి మెత్తనిది, సాగదీస్తే వెంట్రుకంత తీగ అవుతుంది. తగరం ఇంకా మెత్తనిది, చేత్తో వంచొచ్చు. కానీ నాలుగు పాళ్ళు రాగిలో ఒక పాలు తగరం పడితే పుట్టేది కంచు. అది వంగదు, పడేస్తే పగులుతుంది, కొడితే మోగుతుంది. ఇద్దరు నెమ్మదస్తులకి పుట్టిన గట్టి గొంతు పిల్ల లాంటిది. అదే రాగిలో జింకు కలిస్తే ఇత్తడి. బంగారంలా మిలమిల్లాడుతుంది, చెప్పినట్టు వంగుతుంది, కానీ దానికి గొంతు లేదు. మా ఊరి రోల్డ్‌గోల్డ్ గాజుల లోపల ఉన్నది ఈ రాగీ ఇత్తడే. పెళ్ళిళ్ళలో గాజులు చూసి ఆడవాళ్ళు మురుస్తుంటే నేను మనసులో పాళ్ళు లెక్కేసుకునేవాణ్ణి.

కార్ఖానాలో నాకు ‘లైబ్రరీ’ అని పేరు పెట్టింది మా పెద్ద మేస్త్రి. ఆయన ముస్లిం. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. అక్షరం ముక్క రాదు. మూసలో లోహం కరుగుతుంటే పైన ఆడే మంట రంగు చూసి, “ఇంకో చిటికెడు తగరం పడాలి రా” అనేవాడు. చల్లారిన బుష్‌ని చిన్న సుత్తితో తట్టి లోపల బీట ఉందో లేదో చెప్పేవాడు. నేను పుస్తకంలో చూసి చెప్పేది ఆయన చెవితో విని చెప్పేవాడు.

“ఏం లైబ్రరీ, నీ పుస్తకానికి చెవులున్నాయా?” అని ఏడిపించేవాడు.

“నీ చెవికి పేజీ నంబర్లున్నాయా బాబాయ్?” అనేవాణ్ణి నేను.

ఒక వేసవిలో దివిసీమ నుంచి ఒక పాస్టరు గారు వచ్చారు. మా వాళ్ళు కూడా చర్చికి వెళ్ళేవాళ్ళే కాబట్టి నన్ను అడుగుతూ వచ్చారు.

“వందనాలండీ అయ్యగారు, కూర్చోండి” అన్నాను.

ఆయన కూర్చోకుండానే చెప్పారు. ఉప్పెన వచ్చి వెళ్ళాక వాళ్ళ ఊళ్ళో గుడిసెలు లేవు, మంచాలు లేవు, బట్టలు లేవు, మనుషుల్లో సగం మంది లేరు. తేలేవన్నీ సముద్రం పట్టుకెళ్ళింది. బురదలో కూరుకుని మిగిలినవి చెంబులూ గిన్నెలూ బిందెలే. బతికినవాళ్ళు తవ్వి తీసుకుని, ఇది ఫలానా వాళ్ళదని గుర్తుపట్టి దాచుకున్నారు. ముప్పై ఏళ్ళు దాటినా ఎవరూ వాటిలో వండలేదు, ఎవరూ అమ్మలేదు.

“ఇప్పుడు కొత్త మందిరం కడుతున్నామండీ. ఆ గిన్నెలన్నీ కరిగించి గంట పొయ్యాలని మా వాళ్ళ కోరిక. పోయినవాళ్ళందరూ కలిసి ఒక్క గొంతుతో పిలిచినట్టుంటుందని” అన్నారు.

“తప్పకుండా చేద్దామండీ అయ్యగారు” అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

గిన్నెలు ట్రాలీ ఆటోలో వచ్చాయి. పైపైన తిప్పి చూశాను. నూటికి తొంభై పాళ్ళు ఇత్తడి. అతుకుల దగ్గర సీసం. ఆ రెండూ గంటకి శత్రువులే. మా దగ్గరున్న పాత ఇత్తడి ముక్కలతో మాదిరికి ఒక చిన్న గంట పోసి చూశాం. తెల్లటి జింకు పొగ లేచి అందరం దగ్గాం. చల్లారాక కొడితే చెక్క మీద కొట్టినట్టు ‘డబ్’మంది.

“ఇది గంట కాదు బాబాయ్, పీట” అన్నాను. “ఇత్తడంతా పాత సామాన్ల షావుకారికిచ్చి, బదులుగా మంచి రాగి తీగ తెచ్చుకుందాం. తగరం విజయవాడ నుంచి తెప్పిస్తాను. లెక్క ప్రకారం పోస్తే మైలు దూరం మోగుద్ది.”

బాబాయ్ చాలాసేపు ఆ చిన్న గంటనే చేతిలో తిప్పాడు. “వాళ్ళకి చెప్పి చెయ్యి.”

“చెబితే ఒప్పుకోరు. బొంగురు గంట పోశామంటే మన కార్ఖానా పేరు పోద్ది.”

“పేరుదేముంది రా. వాళ్ళ గిన్నెలు వాళ్ళిష్టం. బొంగురుపోయినా వాళ్ళ గొంతే గదా.”

నేను వినలేదు. పుస్తకం నా వైపు ఉంది. చివరికి ఆయనే ఒక మెట్టు దిగాడు. “సరే, అందులో కంచువి కూడా ఉంటాయి గదా? అవన్నా గంటలో వేద్దాం. మా అమ్మాయి పురుడుకి గుడివాడ వెళ్తున్నా. శుక్రవారం నమాజయ్యాక వచ్చేస్తా. అప్పటిదాకా గిన్నెలు కదపమాక. నేనొచ్చి ఒక్కోటీ మోగించి ఏరతా.”

ఆయన వెళ్ళిన మర్నాడు, బుధవారం పూట, ఒకావిడ బస్సు దిగి వెతుక్కుంటూ వచ్చింది. యాభై అయిదేళ్ళుంటాయి. చేతిలో తువ్వాల మూట. ఊళ్ళో అందరూ గిన్నెలిచ్చిన రోజున ఇవ్వడానికి మనసొప్పక ఊరుకున్నానని, రెండు రోజులు ఆలోచించి తెచ్చానని చెప్పింది. మూట విప్పితే ఒక చిన్న గిన్నె. పిల్లలకి ఉగ్గు కలిపే గిన్నె. నల్లగా, అక్కడక్కడా పచ్చగా చిలుం పట్టి ఉంది.

“మా పాపదండీ. ఉప్పెనప్పటికి పది నెలలు. పేరు కూడా రాసుకోండి బాబూ” అని పాప పేరు చెప్పింది.

నేను వరుసగా గిన్నెల జాబితా రాస్తున్నాను. రాసుకుంటానమ్మా అని తల ఊపాను. ఆవిడ వెళ్ళకుండా అక్కడే నిలబడింది. గిన్నెని ఎడమ అరచేతిలో పెట్టుకుని చుట్టూ చూసింది.

“బాబూ, ఇక్కడ చెంచా ఉంటదా?”

ఎండన పడి వచ్చింది, ఆకలేస్తోందేమో అనుకున్నాను. “ఎదురుగా టీ కొట్టుందమ్మా. టిఫిన్ కూడా దొరుకుద్ది. నా పేరు చెప్పండి” అన్నాను, కాగితం మీద నుంచి తలెత్తకుండానే.

ఆవిడ టీ కొట్టు వైపు చూసింది. “వద్దులెండి” అంది. గిన్నెని మిగతా వాటి పక్కన పెట్టి, తువ్వాల మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

గురువారం నాకు ఖాళీ దొరికింది. బాబాయ్ వచ్చేసరికి పని పూర్తిచేసి చూపించాలన్న ఉబలాటం. ఆయన చెవి లేకుండా కూడా ఏరగలనని చూపించాలన్న మంకు కూడా ఉంది, దాచడం ఎందుకు. పుస్తకంలో చెప్పిన పద్ధతే మొదలుపెట్టాను. అంచు దగ్గర ఆకురాయితో గీస్తే లోపలి రంగు బయటపడుతుంది. ఎర్రగా ఉంటే రాగి, నిమ్మపండు పసుపైతే ఇత్తడి, పాలిపోయిన పసుపైతే కంచు. పొద్దున ప్రతి గిన్నెనీ గీశాను. నాలుగు కంచు కంచాలు దొరికాయి. మధ్యాహ్నానికి చెయ్యి నొప్పెట్టింది. ఇక రెండింటిలో ఒకటి గీశాను. ఆ తరవాత గీయడం మానేసి ఆకారం చూసి విసిరేశాను. చెంబా, ఇత్తడి. బిందా, ఇత్తడి. ఉగ్గుగిన్నె ఉన్నవాళ్ళకి వెండి, లేనివాళ్ళకి ఇత్తడి అని ఎక్కడో చదివిన గుర్తు. జాబితాలో ‘ఇత్తడి, చిన్న గిన్నె’ అని రాశాను. సాయంత్రం షావుకారు ఆటో వచ్చి గోనెసంచులు ఎక్కించుకుని గుడివాడ వెళ్ళింది.

శుక్రవారం బాబాయ్ మనవరాలు పుట్టిందని మిఠాయి పొట్లంతో వచ్చాడు. ఖాళీగా ఉన్న మూల చూసి ఆగాడు.

“పంపేశావా?”

“నాలుగు కంచాలు ఏరి పెట్టాను బాబాయ్, చూడు.”

ఆయన కంచాలు ఒక్కోటీ వేలికొసల మీద నిలబెట్టి మోగించాడు. నాలుగూ కంచే. “మరి పంపినవి?”

“ఆకురాయితో గీసి చూశాను.”

“అన్నీ?”

“అన్నీ” అన్నాను.

గంట అద్భుతంగా కుదిరింది. అచ్చు వారం రోజులు ఆరబెట్టాం. రాగి కరిగాక తగరం వేసి బాబాయ్ స్వయంగా కలియబెట్టాడు. ఆ నాలుగు కంచాలూ అందులో కరిగాయి. అచ్చు పగలగొట్టి, సాన పట్టి, మొదటిసారి తట్టినప్పుడు టీ కొట్టువాడు రోడ్డు దాటి వచ్చి చూశాడు. అంత తియ్యటి మోత మా కార్ఖానాలో అంతకు ముందు పుట్టలేదు. నా లెక్క గెలిచింది. ఆ సంతోషంలో వారం రోజులు నేల మీద నడవలేదు నేను.

ఆదివారం పొద్దున్నే గంట తీసుకుని బాబాయ్, నేను పులిగడ్డ దగ్గర నది దాటి ఆ ఊరు చేరాం. గోపురం ఇంకా కట్టలేదు కాబట్టి రెండు సిమెంటు స్తంభాల మధ్య దూలానికి, మనిషి చేతికందే ఎత్తులో వేలాడదీశారు. పాస్టరు గారు ప్రార్థన చేసి తాడు లాగారు. ఊరంతా నిశ్శబ్దంగా నిలబడి విన్నది. ఎవరూ బిగ్గరగా ఏడవలేదు. ముసలాయన ఒకడు మాత్రం “మా అన్నయ్య గొంతు పెద్దదేలెండి” అని నవ్వబోయి నవ్వలేకపోయాడు.

ఉగ్గుగిన్నె తెచ్చిన ఆవిడ జనంలోంచి నా దగ్గరికి వచ్చింది. ముఖమంతా వెలుగుతోంది.

“ఆ రోజు చెంచా అడిగితే టీ కొట్టు చూపించారు, గుర్తుందా బాబూ?” అని నవ్వింది. “గిన్నె మోగించి మీకు వినిపిద్దామనుకున్నానండీ. పాప అన్నం తినకుండా ఏడిస్తే చెంచాతో అంచు మీద కొట్టేదాన్ని. ఖంగుమని మొదలై, సన్నగా, ముద్ద మింగేదాకా మోగేది. అది వింటూ ఏడుపు మానేసేది. ఇప్పుడు గంట కొట్టగానే అనుకున్నా, అదేనండీ, ఆ మోతే!”

ఇత్తడైతే ముద్ద మింగేదాకా మోగదు. అంతసేపు మోగేది ఒక్కటే లోహం. ఊరు మొత్తం తెచ్చిన గిన్నెల్లో ఏది తప్పకుండా గంటలో పడాలో దాన్నే నేను సంచిలోకి విసిరేశాను. వినిపిస్తానని ఆవిడ చెంచా అడిగితే టిఫిన్ తినమన్నాను.

“మరి మా పాప గిన్నె ఇందులో ఎటేపుంటదండీ?” అంది.

కరిగిన లోహంలో ఏదీ ఒక చోట ఉండదు, అంతా కలిసిపోతుంది. ఆ నిజం చెప్పి తప్పించుకోవచ్చు. అసలు నిజమూ చెప్పొచ్చు. ఆవిడ కళ్ళు గంట మీద వెతుకుతున్నాయి. నా చెయ్యి దానంతటదే లేచింది. అంచుకి జానెడు పైన ఒక చోట వేలు పెట్టాను.

“ఇదిగోనమ్మా, ఇక్కడ.”

ఆవిడ అక్కడ అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. నేను పక్కకి తిరిగితే బాబాయ్ నన్నే చూస్తున్నాడు.

తిరుగు బస్సులో నది దాటాం. తరవాత బాబాయ్ అడిగాడు.

“ఎంతసేపు మోగేదంది?”

“ముద్ద మింగేదాకా.”

“కంచు.”

“ఊఁ.”

“అన్నీ గీశానన్నావు.”

నేను కిటికీ వైపు తిరిగాను. ఆయన మళ్ళీ అడగలేదు. తిట్టినా బాగుండేది. కాసేపటికి, “రేపు పొద్దున్నే గుడివాడ వెళ్దాం. షావుకారు దగ్గర ఇంకా ఉండొచ్చు” అన్నాడు.

పామర్రులో బస్సు మారి షావుకారి దొడ్డికి చేరేసరికి తొమ్మిదైంది. ఆయన మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయాడు. “మీ సరుకా? చాలా మటుకు మొన్ననే లారీకెక్కిందండీ. మిగిలిందేదో అదిగో, ఆ కుప్పలో కలిసుంటది. చూసుకోండి, నేనేం కాదంటానా.”

రేకుల పందిరి కింద నడుమెత్తు కుప్ప. బాబాయ్ పక్క హోటల్లో రెండు చెంచాలు అడిగి తెచ్చి, ఒకటి నా చేతిలో పెట్టాడు. ఇద్దరం చెరోవైపు చతికిలబడ్డాం. గిన్నె తీయడం, కొట్టడం, వినడం, పక్కన పెట్టడం. టక్. టక్. టక్. షావుకారు మనుషులు మొదట్లో నవ్వారు. “ఏంటి భాయ్, భజనా?” అన్నాడొకడు. బాబాయ్ ఇంకో గిన్నె తీసి కొట్టాడు. మధ్యాహ్నానికి నవ్వు ఆగిపోయింది. ఒకాయన సంగతేమిటో అడిగి తెలుసుకుని, తను కూడా ఒక మేకు తీసుకుని మా పక్కన కూర్చున్నాడు. ఎండ వాలేదాకా కొట్టాం. ఊళ్ళ మీద నుంచి వచ్చిన ఎవరెవరి గిన్నెలో మా చేతుల మీదుగా పోయాయి. ఒక్కటీ ముద్ద మింగేదాకా మోగలేదు.

లేచేటప్పుడు బాబాయ్ మోకాళ్ళు పట్టేస్తే నేను చెయ్యిచ్చి లేపాను. “నువ్వు ఆవిడకి చెప్పాలి రా” అన్నాడు. ఆయన జీవితంలో నాకు గట్టిగా చెప్పింది ఆ ఒక్క మాటే.

చెప్పడానికే వెళ్ళాను. నెల తరవాత, ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుని, బస్సులో నాలుగుసార్లు చదువుకుని వెళ్ళాను. ఆవిడ అరుగు మీద మినుములు చెరుగుతోంది. నన్ను చూడగానే చాట పక్కన పెట్టి మజ్జిగ తెచ్చిచ్చింది.

“మంచికే వచ్చారు బాబూ. మీకు చెప్పాలనుకుంటున్నా” అంది. “మా పాప మాకు దొరకలేదండీ. చాలామందిని గుంపుగా పూడ్చారంట, అందులో ఉందో లేదో. సమాధుల పండక్కి ఊరంతా పూలు పట్టుకుని ఎవరి సమాధి దగ్గరికి వాళ్ళు పోతుంటే, ఇన్నేళ్ళూ నేను పూలు చేత్తో పట్టుకుని ఎటు పోవాలో తెలీక గుమ్మంలో కూలబడేదాన్ని. ఇప్పుడు నాకో చోటుంది. ఈసారి పూలు గంట దగ్గర పెడతా. మీరు చూపించారు గదా.”

నేను మజ్జిగ తాగాను. కాగితం జేబులోనే ఉంది. “మంచిదమ్మా” అని లేచి వచ్చేశాను. తరవాత ఇంకోసారి కూడా వెళ్ళాను. వీధి మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చాను.

బాబాయ్ పోయేముందు చూడ్డానికి వెళ్తే, చెప్పావా అని అడుగుతాడేమోనని భయపడ్డాను. అడగలేదు. మంచం పక్కనున్న స్టీలు గ్లాసుని గోటితో తట్టి, “దీనికీ గొంతు లేదు లైబ్రరీ” అని నవ్వాడు.

ఆవిడ ప్రతి ఆదివారం ఆరాధనకి ముందు ఆ చోట అరచెయ్యి ఆనించేదట. రాగి ఉన్న ఏ లోహమైనా సముద్రపు గాలికి నల్లబడుతుంది, చెయ్యి రుద్దుకున్న చోట మాత్రం మెరుస్తూనే ఉంటుంది. ఇది నేను పుస్తకంలో చదివే ఉన్నాను. అది నా అబద్ధాన్ని అందరికీ కనపడేలా మెరిపిస్తుందని మాత్రం ఏ పుస్తకమూ చెప్పలేదు.

మొన్న వేసవిలో ఆవిడ పోయింది. కబురు తెలిసి వెళ్ళాను. సమాధి దగ్గరికి తీసుకెళ్తూ పాస్టరు గారు గంట కొట్టించారు. ఖంగుమని మొదలై, సన్నబడుతూ, చాలాసేపు మోగింది. నేను గొంతులో ఏమీ లేకుండానే మింగుతూ నిలబడ్డాను.

వర్షాలు తగ్గాక మళ్ళీ వెళ్ళి పాస్టరు గారికి అంతా చెప్పాను. ఆయన స్తంభాల వైపు చూశారు. “ఆవిడ ఉండగా చెప్పుంటే...” అని మొదలుపెట్టి ఆపేశారు. తరవాత, “ఊళ్ళో పెద్దలకి నేను చెబుతాను. మీరు రాయండి. ఊరి పేరు మాత్రం వద్దు” అన్నారు. వచ్చేటప్పుడు గంట దగ్గర ఆగాను. ఆ చోటు అప్పుడే మసకేసింది. ఇంకో ఏడాదికి మిగతా గంట రంగులో కలిసిపోతుంది.

పిల్లలూ, చదవండి. చదువుకి నేను జీవితాంతం రుణపడి ఉన్నాను, చదవొద్దని ఎప్పటికీ చెప్పను. కానీ ఎవరైనా వస్తువు చేతిలో పెట్టుకుని మీ ముందు నిలబడితే, పుస్తకం మూసి తలెత్తి చూడండి. చెంచా అడిగితే ఎందుకని అడగండి.

ఇది రాయడానికి సాయపడినవాళ్ళకి కృతజ్ఞత చెప్పాలి. వేళ దాటినా దీపం ఆర్పకుండా నన్ను చదువుకోనిచ్చిన గ్రంథాలయం ఆవిడకి, ఒక రోజంతా తన కుప్ప ముందు మమ్మల్ని కూర్చోనిచ్చిన షావుకారు గారికి, మేకు పట్టుకుని మా పక్కన కూర్చున్న ఆయనకి, రాయమన్న పాస్టరు గారికి, చెవి ఉన్న మా బాబాయికి. పేర్లు రాస్తే ఊరు తెలిసిపోతుంది కాబట్టి రాయడం లేదు. ఒక్క పేరు మాత్రం రాస్తాను. రాసుకోమని చెప్పినా ఆ రోజు రాయలేదు. జాబితాలో ఆ వరుసని ఇప్పుడు దిద్దుతున్నాను.

కంచు, చిన్న గిన్నె. సుగుణది.